వీడియో కుదింపు ప్రమాణం పుట్టే తీరు

కదిలే బొమ్మను అంకెల్లోకి మారిస్తే మోయలేనంత బరువవుతుంది. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. ఈ చుక్కలనే పిక్సెళ్లంటారు. మొత్తం ఇరవై లక్షల పైచిలుకు. రంగుల వివరాన్ని కొంత తగ్గించుకున్నా ఒక్కో పిక్సెల్‌కు సగటున 12 బిట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మల చొప్పున లెక్కవేస్తే సెకనుకు 62 కోట్ల బిట్లు తేలతాయి. గంటసేపటి వీడియోను ఉన్నదున్నట్టు దాచాలంటే 280 గిగాబైట్ల జాగా పడుతుంది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు, నెలకు 149 రూపాయలకు ఇస్తామన్న ఇంటర్నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు, అంటే కోటిన్నర బిట్లు. కోటిన్నర బిట్లు పట్టే దారిలో 62 కోట్ల బిట్లు పోవు. అయినా ఆ తీగ మీదనే టీవీ ఛానెళ్లు వచ్చాయి, ఇంటర్నెట్ వీడియోలూ నడిచాయి. హెచ్‌డీ బొమ్మను సెకనుకు అయిదారు మెగాబిట్లకు, అంటే నూరోవంతుకు కుదించగలిగారు కాబట్టే అది సాధ్యమైంది.

కుదించడం ఒక్కటే చాలదు. కుదించినవాడి లెక్క విప్పేవాడికి తెలిసి ఉండాలి. కడప జిల్లా వీరపునాయునిపల్లెలో ఒకరు ఫోనుతో తీసిన వీడియోను కువైట్‌లో ఉన్న బంధువు మరో కంపెనీ ఫోనులో చూస్తాడు. రెండు ఫోన్లలోని చిప్పులను తయారుచేసిన సంస్థలు వేరు, దేశాలు వేరు. ఆ ఇంజినీర్లు ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. అయినా పంపిన బిట్ల వరుస అక్కడ అచ్చం అదే బొమ్మగా విచ్చుకుంటుంది. ఏ బిట్టుకు ఏ అర్థమో ముందే రాసిపెట్టిన ఒక ఒడంబడిక ఉండబట్టే ఇది జరుగుతోంది. ఆ ఒడంబడికే వీడియో కుదింపు ప్రమాణం. హెచ్.264, హెచ్‌ఈవీసీ, వీవీసీ అన్న పేర్లన్నీ అలాంటి ప్రమాణాలవే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ ప్రమాణాలు కుదించే పద్ధతిని శాసించవు. విప్పే పద్ధతిని మాత్రమే నిర్ణయిస్తాయి. బిట్ల వరుస ఏ రూపంలో ఉండాలో, దాన్ని చదివిన డీకోడర్ ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా బొమ్మను కట్టాలో అక్షరం పొల్లుపోకుండా చెబుతాయి. ఆ వరుసను తయారుచేసే ఎన్‌కోడర్ లోపల ఏం చేసుకున్నా అభ్యంతరం లేదు. దీనివల్ల రెండు మేళ్లు జరిగాయి. ప్రపంచంలోని డీకోడర్లన్నీ ఒక్కతీరుగా పనిచేస్తాయి. ఎన్‌కోడర్లు మాత్రం ఏటికేడు మెరుగవుతూనే ఉంటాయి. ఎంపెగ్-2 అనే ప్రమాణం కొత్తగా వచ్చినప్పటి ఎన్‌కోడర్లకు ఒక ఛానెల్ పంపడానికి పట్టిన బిట్లు, పదేళ్ల తర్వాతి ఎన్‌కోడర్లకు పట్టిన బిట్ల కంటే ఎంతో ఎక్కువ. ఇంటిలోని సెట్‌టాప్ బాక్సు మాత్రం మారలేదు. ప్రమాణాలు రాసినవారు తీసుకున్న నిర్ణయాలన్నిటిలోకీ దూరదృష్టి గలది ఇదే.

బొమ్మలో ఏది వదిలేయవచ్చు

రాయలసీమ తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీల వీడియో ఒకటి తీసుకుంటే కుదింపు సూత్రాలన్నీ అందులోనే కనిపిస్తాయి. కెమెరా ఒకచోట నిలిచి ఉంటుంది. వెనుక ఆకాశం, పక్కన షామియానా, తాడుకు ఆవల జనం. ఎద్దుల జత బండను లాగుతూ మెల్లగా ముందుకు కదులుతుంది. ఒక ఫ్రేమ్‌కూ, అంటే ఒక బొమ్మకూ, తర్వాతి ఫ్రేమ్‌కూ మధ్య సెకనులో ఇరవై అయిదో వంతు కాలమే గడుస్తుంది. ఆలోగా ఆకాశం మారదు, షామియానా మారదు. మళ్లీ పంపడం దండగ. ‘ఇక్కడ పాతదే ఉంచు’ అన్న ఒక్క ముక్క చాలు. ఎద్దులు కదిలాయి కాని, కొత్త ఎద్దులు పుట్టలేదు. పాత ఫ్రేమ్‌లో ఉన్న ఎద్దు మూపురమే కొన్ని పిక్సెళ్లు పక్కకు జరిగింది. ఫ్రేమ్‌ను గళ్లుగా కోసి, ప్రతి గడికీ పాత ఫ్రేమ్‌లో దానికి దగ్గరి పోలిక ఎక్కడుందో ఎన్‌కోడర్ వెతుకుతుంది. దొరికాక ‘ఇంత ఎడమకు, ఇంత పైకి’ అని రెండు అంకెలు రాస్తుంది. దీన్ని మోషన్ కాంపెన్సేషన్ అంటారు. ఎన్‌కోడర్ శ్రమలో చాలా భాగం ఈ వెతుకులాటకే పోతుంది.

పోలిక ఎప్పుడూ పూర్తిగా కుదరదు. ఎద్దు కాలు మడిచి ఉంటుంది, చర్మం మీద ఎండ కాస్త మారి ఉంటుంది. ఊహించిన గడికీ అసలు గడికీ మిగిలే ఆ తేడాను విడిగా పంపాలి. ఇక బండ కింద లేచే దుమ్ముంది. దుమ్ముకు పాత ఫ్రేమ్‌లో పోలిక దొరకదు, పక్క పిక్సెల్‌తో సంబంధమూ ఉండదు. ఎన్‌కోడర్‌కు ఇంతకు మించిన గండం లేదు. తక్కువ బిట్లతో పంపిన పోటీ వీడియోలో ఎద్దులు పరుగందుకుని దుమ్ము రేగగానే బొమ్మ గళ్లు గళ్లుగా చెదరడానికి కారణం ఇదే. నీళ్ల అలలకూ, సినిమా ఫంక్షన్లలో ఎగరేసే రంగు కాగితాలకూ ఇదే జబ్బు.

ఒకే ఫ్రేమ్‌లో కూడా పునరుక్తి ఉంటుంది. ఆకాశంలో ఒక పిక్సెల్ నీలంగా ఉంటే పక్కదీ దాదాపు అంతే నీలంగా ఉంటుంది. ఈ పొరుగు పోలికను పిండుకోవడానికి వాడే గణిత సాధనం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. పొట్టిగా డీసీటీ. దీని పుట్టుకలో తెలుగు ఇంటిపేరు గల ఒక ఆచార్యుడి పాలు ఉంది.

1974 నాటి వ్యాసం

కామిశెట్టి రామమోహనరావు 1931లో జన్మించారు. మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో 1952లో, అంటే ఆంధ్రరాష్ట్రం ఏర్పడడానికి ఏడాది ముందు, పట్టా పుచ్చుకున్నారు. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రెండు మాస్టర్స్ పట్టాలు పొందారు. వాటిలో ఒకటి అణు ఇంజినీరింగ్‌లో. న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో 1966లో పీహెచ్‌డీ పూర్తిచేసి, అదే ఏడాది టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో చేరారు. జీవితమంతా అక్కడే పాఠం చెప్పారు. ప్రపంచానికి ఆయన కె.ఆర్. రావు. అదే న్యూమెక్సికోలో అదే ఏడాది పీహెచ్‌డీ చేసిన మరో భారతీయుడు నసీర్ అహ్మద్. బెంగళూరులో పుట్టి పెరిగిన ఆయన కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో చేరారు.

అప్పట్లో బొమ్మల కుదింపుకు సిద్ధాంతపరంగా అన్నిటికన్నా మేలైన మార్గం కార్హునెన్-లోయెవ్ ట్రాన్స్‌ఫామ్. చిక్కేమిటంటే, ప్రతి బొమ్మకూ దాన్ని కొత్తగా లెక్కగట్టాలి, ఆ లెక్కనూ బొమ్మతోపాటు పంపాలి. ఆచరణకు పనికిరాదు. పిక్సెళ్లు పక్కపక్కన దాదాపు ఒకేలా ఉండే మామూలు బొమ్మలకు, ముందే నిర్ణయించిన కొసైన్ తరంగాలతో దాదాపు అంతే ఫలితం రావచ్చని అహ్మద్ ఊహించారు. 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థకు నిధుల కోసం దరఖాస్తు పెట్టారు. అది తిరస్కరణకు గురైంది. ఆలోచన మరీ సరళంగా ఉందని ఒక పరిశీలకుడు అభిప్రాయపడ్డట్టు అహ్మద్ తర్వాతి కాలంలో రాసుకున్నారు. ఆయన వెనక్కు తగ్గలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తో, ఆర్లింగ్టన్‌లోని మిత్రుడు రామమోహనరావుతో కలిసి 1973 వేసవి అంతా దానిమీదే పనిచేశారు. వచ్చిన ఫలితాలు నమ్మశక్యం కానంత బాగున్నాయి. అనుమానం తీర్చుకోవడానికి ఆ రంగంలో పేరున్న హ్యారీ ఆండ్రూస్‌ను అడిగారు. ఆయన మరో కొలమానంతో పరీక్షించమని, అందుకు కావలసిన ప్రోగ్రామునూ ఇచ్చారు. ఆ పరీక్షలోనూ డీసీటీ గెలిచింది. 1974 జనవరిలో ఐఈఈఈ కంప్యూటర్ల పత్రికలో ముగ్గురి పేర్లతో నాలుగు పుటలు నిండని వ్యాసం వెలువడింది.

డీసీటీ చేసే పని చెప్పడం కష్టం కాదు. బొమ్మలో 8 అడ్డం, 8 నిలువు ఉన్న గడిని తీసుకుంటే 64 పిక్సెళ్లు, 64 అంకెలు. డీసీటీ వాటిని మరో 64 అంకెలుగా మారుస్తుంది. మొదటిది ఆ గడి సగటు వెలుతురు. తర్వాతివి వరుసగా మెల్లగా మారే ఛాయల నుంచి చురుగ్గా మారే గీతల దాకా ఎంతెంత ఉన్నాయో చెప్పే అంకెలు. ఇంతవరకు బరువేమీ తగ్గలేదు. 64 పోయి 64 వచ్చాయి. కాని మామూలు బొమ్మల్లో సత్తువంతా మొదటి కొన్ని అంకెల్లోకే చేరి, మిగిలినవి సున్నాకు దగ్గరగా ఉంటాయి. మనిషి కన్ను కూడా చురుగ్గా మారే సన్నని వివరాల్లో చిన్న తేడాలను పట్టుకోలేదు. అందుకని ప్రతి అంకెనూ ఒక మెట్టు కొలతతో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. తూర్పారబట్టినప్పుడు గింజ కిందపడి పొట్టు గాలికి పోయినట్టు, బరువున్న అంకెలు నిలిచి చిన్నవన్నీ సున్నాలైపోతాయి. దీన్ని క్వాంటైజేషన్ అంటారు. తిరిగిరాని నష్టం జరిగేది ఈ ఒక్క మెట్టులోనే. మెట్టు పెద్దదైతే బిట్లు తగ్గుతాయి, బొమ్మా తగ్గుతుంది. మిగిలిన అంకెల్లో తరచుగా వచ్చే వాటికి పొట్టి సంకేతాలు, అరుదైన వాటికి పొడుగు సంకేతాలు ఇస్తారు. ఆ చివరి మెట్టు గణితం 1952లో డేవిడ్ హఫ్‌మన్ చూపిన దారి నుంచి మొదలై చాలా దూరం వచ్చింది.

అప్పటికే అందరికీ తెలిసిన ఫూరియే ట్రాన్స్‌ఫామ్ ఉండగా కొసైన్ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఫూరియే లెక్క గడి కుడి అంచు మళ్లీ ఎడమ అంచుతో కలుస్తుందని అనుకుంటుంది. ఒక అంచు వెలుగు, మరో అంచు చీకటి అయితే అక్కడ లేని ఎగుడుదిగుడు పుడుతుంది. దాన్ని వర్ణించడానికి అనవసరంగా ఎన్నో అంకెలు ఖర్చవుతాయి. డీసీటీ గడిని అంచు దగ్గర అద్దంలో ప్రతిబింబంలా మడిచినట్టు చూస్తుంది. అంచులో అతుకు ఉండదు, వృథా అంకెలుండవు. ఇంత చిన్న తేడాలో ఉంది మర్మమంతా.

ఆ వ్యాసం వెలువడ్డ పద్నాలుగేళ్లకు, 1988లో, తొలి ఆచరణయోగ్యమైన వీడియో ప్రమాణం హెచ్.261 ఒక రూపానికి వచ్చింది. దాని నడుమ 8×8 డీసీటీ ఉంది. 1992లో ఫొటోల ప్రమాణం జేపెగ్ వచ్చింది. అక్కడా అదే. ఎంపెగ్-1, ఎంపెగ్-2, హెచ్.264, హెచ్‌ఈవీసీ, వీవీసీ అన్నిటిలోనూ అదో, దాని దగ్గరి చుట్టమో ఉంది. హెచ్.264 నుంచి మాత్రం ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. కొసైన్ విలువలు దశాంశాల్లో ముగియనివి. రెండు కంపెనీల చిప్పులు వాటిని రెండు తీరుల సవరిస్తే ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌కు తేడా పేరుకుని బొమ్మ చెడుతుంది. పాత ప్రమాణాలు ఎంతవరకు తేడా ఉండవచ్చో హద్దు పెట్టి ఊరుకున్నాయి. హెచ్.264 పూర్ణాంకాలతోనే జరిగే దగ్గరి రూపాన్ని ఎంచుకుంది. అప్పటినుంచి ప్రతి డీకోడర్ ఆఖరి బిట్టు వరకు ఒకే ఫలితం ఇస్తుంది.

తరం తర్వాత తరం

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ, టెలిగ్రాఫుల కాలం నాటి సంస్థ. హెచ్ అక్షరంతో మొదలయ్యే ప్రమాణాలు దానివి. 1984లో వచ్చిన హెచ్.120 మొదటిదైనా వాడుకలో నిలవలేదు. 1988లో లియొనార్డో కియారిలియొనే, హిరోషి యసుదా చొరవతో అంతర్జాతీయ ప్రమాణ సంస్థలైన ఐఎస్‌ఓ-ఐఈసీల కింద మూవింగ్ పిక్చర్ ఎక్స్‌పర్ట్స్ గ్రూప్ ఏర్పడింది. ఎంపెగ్ అన్నది దాని పొట్టి పేరే. వీడియో సీడీలు ఎంపెగ్-1 బిడ్డలు. రెండున్నర గంటల తెలుగు సినిమా రెండు మూడు డిస్కుల్లోకి దిగి ప్రొద్దుటూరు, పులివెందుల వీధుల్లో అద్దెకు దొరకడం దాని పుణ్యమే. డీవీడీ, కేబుల్ డిజిటల్ టీవీ, 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ డీడీ డైరెక్ట్ ప్లస్ ఎంపెగ్-2 మీద నడిచాయి. 2003లో పూర్తయిన హెచ్.264 అంతే నాణ్యతను దాదాపు సగం బిట్లతో ఇచ్చింది. యూట్యూబ్, వాట్సాప్, సెల్‌ఫోన్ కెమెరా అన్నీ దాని భుజాల మీదే పెరిగాయి. సన్ డైరెక్ట్ దేశంలో తొలిసారి డీటీహెచ్‌లో ఎంపెగ్-4 కుటుంబానికి చెందిన ఈ పద్ధతిని వాడింది. 2013లో హెచ్‌ఈవీసీ, 2020లో వీవీసీ, ఒక్కోటీ ముందుదాని బిట్లలో సుమారు సగంతో సరిపెట్టాయి.

సగం చేయడం ఒక్క గొప్ప కనిపెట్టుడుతో జరగలేదు. గళ్లు పెద్దవయ్యాయి. హెచ్.264లో గడి 16×16 దాటదు. హెచ్‌ఈవీసీలో 64×64, వీవీసీలో 128×128 వరకు పోవచ్చు. ఆకాశానికి ఒకటే పెద్ద గడి, జనం మొహాల దగ్గర చిన్నచిన్న గళ్లు. ఒకే ఫ్రేమ్‌లో పక్క పిక్సెళ్ల నుంచి గడిని ఊహించే పద్ధతులు హెచ్.264 చిన్న గళ్లలో 9 ఉంటే, హెచ్‌ఈవీసీలో 35, వీవీసీలో 67. వీవీసీ గడి పక్కకు జరగడాన్నే కాక తిరగడం, సాగడం కూడా వర్ణించగలదు. ఇలా అర శాతం, ఒక శాతం లాభమిచ్చే పనిముట్లు పదులకొద్దీ పోగైతేనే ఆ సగం వస్తుంది.

బరిలోకి దిగడం

కొత్త ప్రమాణం తయారీ పోటీతో మొదలై ఉమ్మడి పనిగా ముగుస్తుంది. వీవీసీ చరిత్ర మంచి ఉదాహరణ. హెచ్‌ఈవీసీ ముగిసిన మూడేళ్లలోపే, 2015 అక్టోబరులో, ఐటీయూ, ఎంపెగ్ నిపుణులు కలిసి ఒక అన్వేషణ బృందం ఏర్పరిచారు. హెచ్‌ఈవీసీని దాటిపోవడం సాధ్యమేనా అన్నదే వారి ముందున్న ప్రశ్న. సాధ్యమేనని తేలాక 2017 అక్టోబరులో ప్రపంచం మొత్తానికి ప్రతిపాదనల పిలుపు ఇచ్చారు. పిలుపులో పరీక్షకు వాడే వీడియోలు, పాటించాల్సిన బిట్ల పరిమితులు ముందే ప్రకటిస్తారు. పోటీదారులు తమ పద్ధతితో వాటిని కుదించి పంపాలి. కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు నెలల తరబడి శ్రమిస్తాయి.

తీర్పు చెప్పేది మనుషుల కళ్లు. పేర్లు దాచి, ఒకే వీడియో వేర్వేరు రూపాలను చూపి, చూసేవారి చేత మార్కులు వేయిస్తారు. తెర దూరం, గది వెలుతురు, చూసేవారి కంటిచూపు అన్నిటికీ నియమాలుంటాయి. 2010లో హెచ్‌ఈవీసీ పోటీకి 27 ప్రతిపాదనలు రాగా, ఆ ఏడాది ఏప్రిల్‌లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో వాటిని తూచారు. వీవీసీ ప్రతిపాదనలను 2018 ఏప్రిల్‌లో అమెరికాలోని శాండియాగోలో తూచారు. కొత్త ప్రమాణానికి ఆ పేరు పెట్టిందీ ఆ సమావేశంలోనే. గెలిచిన ఒక్కరి పద్ధతిని అలాగే తీసుకోవడం ఆనవాయితీ కాదు. మంచి ప్రతిపాదనల సారం తీసి ఒక పునాది కడతారు. దాన్ని సాఫ్ట్‌వేర్‌గా రాసి టెస్ట్ మోడల్ అంటారు. అక్కడినుంచి పోటీదారులందరూ ఆ ఒక్క మోడల్ మీదే పనిచేయాలి.

తర్వాతి రెండేళ్లు మూడు నెలలకోసారి సమావేశం. ఎవరైనా కొత్త పనిముట్టు తెస్తే దాన్ని టెస్ట్ మోడల్‌లో చేర్చి, అందరూ ఒప్పుకున్న ఒకే పరీక్ష షరతుల కింద ఫలితాలు చూపాలి. ఫలితాలను ఒకే అంకెలో పోల్చే పద్ధతిని నార్వే ఇంజినీరు గిస్లె బ్యోంటెగార్డ్ 2001లో ప్రతిపాదించారు. ‘ఇదే నాణ్యతకు ఇన్ని శాతం బిట్లు తగ్గాయి’ అని ఆ అంకె చెబుతుంది. అంతటితో సరిపోదు. ప్రతిపాదించిన సంస్థతో సంబంధం లేని మరో సంస్థ ఆ ప్రోగ్రామును తన యంత్రాల మీద నడిపి అవే అంకెలు వచ్చాయని ధ్రువీకరించాలి. దీన్ని క్రాస్‌చెక్ అంటారు. వ్యాపారంలో గొంతులు కోసుకునే కంపెనీలు ఇక్కడ ఒకరి లెక్క ఒకరు సరిచూస్తాయి. పేరున్న సంస్థ ప్రతిపాదన అయినా అంకెలు నిలబడకపోతే పక్కకు పోతుంది. విజ్ఞానం ఎలా సాగాలో చూపే పద్ధతి ఇది.

లాభం ఎంతైనా ఖర్చు చూడాలి. డీకోడర్ చిప్పుకు ఎంత మెమరీ కావాలి, బ్యాటరీ ఎంత తాగుతుంది, లెక్కలు ఒకదాని కోసం ఒకటి ఆగుతాయా అన్న ప్రశ్నల దగ్గరే ఎక్కువ వాదాలు నడుస్తాయి. ఒక శాతం బిట్లు ఆదా చేసే పనిముట్టును చిప్పుల ఇంజినీర్లు ససేమిరా అనడం మామూలే. ఎన్‌కోడర్ ఎన్ని రెట్లు నెమ్మదించినా ఓర్చుకుంటారు గాని, డీకోడర్ బరువు పెరిగితే ఓర్వరు. ఎన్‌కోడర్ ఒకచోట ఉంటుంది, డీకోడర్ ప్రతి జేబులోనూ ఉంటుంది కదా. వీవీసీ తయారవుతున్న రోజుల్లో కొన్ని సమావేశాలకు వెయ్యికి పైగా పత్రాలు వచ్చాయి. సమావేశంలో ఓట్లుండవు. అప్పట్లో అధ్యక్షులుగా ఉన్న గ్యారీ సలివన్, యెన్స్-రైనర్ ఓమ్ వంటివారు అందరి సమ్మతి కుదిరే దాకా చర్చ నడపాల్సి వచ్చేది. ఓటింగు తర్వాతి దశలో, దేశాల ప్రమాణ సంస్థల ముందు ముసాయిదా పెట్టినప్పుడు వస్తుంది. 2020 జులైలో, కోవిడ్ వల్ల అందరూ ఇళ్లలోంచే కలిసిన సమావేశంలో వీవీసీ పూర్తయింది. ఐటీయూ దాన్ని హెచ్.266గా, ఐఎస్‌ఓ-ఐఈసీ 23090-3గా అచ్చువేశాయి. లోపల విషయం ఒకటే.

హక్కుల చిక్కు

ప్రమాణంలో చేరిన పనిముట్లలో చాలావాటికి పేటెంట్లుంటాయి. చేర్చుకునే ముందే పనిముట్టు తెచ్చిన సంస్థ తన పేటెంటును న్యాయమైన, వివక్ష లేని షరతులకు అందరికీ ఇస్తానని రాసివ్వాలి. ఎంత ధర న్యాయమో మాత్రం సమావేశం తేల్చదు, అక్కడ ధర మాట ఎత్తకూడదు కూడా. ఎంపెగ్-2, హెచ్.264 కాలంలో దాదాపు పేటెంట్లన్నీ ఒకచోట దొరికేవి. హెచ్‌ఈవీసీ దగ్గరికి వచ్చేసరికి మూడు వేర్వేరు కూటములు, ఏ కూటమిలోనూ చేరని కంపెనీలు. మొత్తం ఎంత కట్టాలో కొనేవాడికి అంతుచిక్కలేదు. మంచి ప్రమాణం ఏళ్ల తరబడి ఇంటర్నెట్ బ్రౌజర్ల గడప దాటలేకపోవడానికి సాంకేతిక లోపం కారణం కాదు, ఈ గందరగోళమే. 2015 సెప్టెంబరులో గూగుల్, నెట్‌ఫ్లిక్స్, మైక్రోసాఫ్ట్, ఇంటెల్, అమెజాన్, సిస్కో, మొజిల్లా కలిసి అలయెన్స్ ఫర్ ఓపెన్ మీడియా ఏర్పరచి, రాయల్టీ లేని ఏవీ1ను 2018లో విడుదల చేశాయి. ఇప్పుడు రెండు బళ్లూ పక్కపక్కన నడుస్తున్నాయి. ఇన్ని కోట్ల వ్యాపారం తిరుగుతున్న ఇరుసు 1974 నాటి డీసీటీ. దానిమీద ఎవరికీ పేటెంటు లేదు.

కొత్త ప్రమాణం వచ్చిన రోజే పాతది చావదు. ఎంపెగ్-2 మాత్రమే తెలిసిన పాత డీడీ డైరెక్ట్ ప్లస్ బాక్సు ఎంపెగ్-4 ఛానెల్‌ను విప్పలేదు. కొత్త ఫోను హెచ్‌ఈవీసీలో తీసిన వీడియో పాత టీవీలో పెడితే మాట వినబడి బొమ్మ రాకపోవచ్చు. అందుకే 2003 నాటి హెచ్.264 ఇవాళ్టికీ అన్నిచోట్లా ఆడుతుంది. తీసుకున్న ప్రతి నిర్ణయం రెండు దశాబ్దాలు జనం ఇళ్లలో ఉంటుందన్న ఎరుకతోనే ప్రమాణాలు రాసేవారు ఒక్కో వాక్యం దగ్గర అంతసేపు ఆగుతారు.

వీవీసీ తర్వాతి తరం కోసం అన్వేషణ ఇప్పటికే సాగుతోంది. అదే ఉమ్మడి బృందం ఈసీఎం అనే ప్రయోగాత్మక మోడల్‌లో వీవీసీ కంటే 25 శాతానికి పైగా బిట్లు తగ్గించి చూపింది. పక్కనే మరో పాయలో న్యూరల్ నెట్‌వర్కులతో గడిని ఊహించడం, విప్పిన బొమ్మను శుభ్రపరచడం పరీక్షిస్తున్నారు. వాటి లాభం కళ్లకు కనిపిస్తోంది. ఫోను చిప్పు మోయగలిగేంత తేలికగా వాటిని మలచడమే మిగిలిన పని.

రామమోహనరావు 2021 జనవరి 15న కన్నుమూశారు. పాట్రిక్ యిప్‌తో కలిసి 1990లో ఆయన రాసిన డీసీటీ గ్రంథం ఆ రంగంలో ఆకరగ్రంథంగా నిలిచింది. ఆర్లింగ్టన్‌లోని తన మల్టీమీడియా ప్రయోగశాలలో ఆయన విద్యార్థుల చేత చేయించిన పని చాలావరకు ఒకటే. కొత్త ప్రమాణం టెస్ట్ మోడల్‌ను దించుకోవడం, నడపడం, పాతదానితో పోల్చడం, ఎక్కడ నెమ్మదిస్తోందో చూసి ఒక చోట బాగుచేయడం. అందుకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. వీవీసీ టెస్ట్ మోడల్ మూలప్రోగ్రాము, ఈసీఎం మూలప్రోగ్రాము, సమావేశాలకు వచ్చిన పత్రాలు ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచే ఉన్నాయి. వీరపునాయునిపల్లె పొరుగునే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది. పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ, ప్రొద్దుటూరులో యోగివేమన విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నాయి. చివరి ఏడాది ప్రాజెక్టు కోసం వెతుకుతున్న విద్యార్థులు ఆ మోడల్‌ను ఒకసారి దించుకుని, బండలాగుడు పోటీ వీడియో ఒకటి దానికిచ్చి, దుమ్ము దగ్గర ఎన్ని బిట్లు ఖర్చవుతున్నాయో లెక్క తీయాలి. ఆ బిట్లను తగ్గించే మార్గం తట్టినవారు దాన్ని రాసి పంపాలి. అక్కడ ప్రతిపాదన నెగ్గేది క్రాస్‌చెక్‌లో నిలిచిన అంకెల మీదే.